రేసు రెండు రోజులే.. ఆపై బండి నిలిచేదెక్కడ?

సూళ్లూరుపేట: ఇండియన్ రేసింగ్ లీగ్‌లో హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టు ఒకటుంది. బ్లాక్‌బర్డ్స్ దాని పేరు. సినీ నటుడు నాగచైతన్య 2024లో దాని యాజమాన్యం స్వీకరించారు. ఆ ఏడాది లీగ్ పోటీలు చెన్నై శివారులోని ఇరుంగట్టుకోట్టైలో జరిగాయి. చెన్నై నగర వీధుల్లో జరిగాయి. కోయంబత్తూరులో జరిగాయి. హైదరాబాద్‌లో మాత్రం ఒక్కటీ జరగలేదు. ఈ వింత పరిస్థితికి రాజకీయ నిర్ణయాలు, నిధుల వివాదాలు కారణమన్నది అందరికీ తెలిసిన మాటే. అంతగా చర్చకు రాని కారణం మరొకటి ఉంది. ఒక పోటీ ముగిసి మరొకటి మొదలయ్యే లోగా రేసు కార్లను, వాటిని మోసే ట్రెయిలర్లను, టైర్లను, పనిముట్లను భద్రంగా నిలిపి ఉంచగల శాశ్వత ట్రాక్ తెలుగు రాష్ట్రాల్లో లేదు. తమిళనాడులో ఉన్నాయి.

రేసు అనగానే ప్రేక్షకుల కంటికి కనిపించేది వేగం. కానీ సంవత్సరం పొడవునా లెక్క తీస్తే రేసు కారు కదిలే సమయం కంటే కదలకుండా పడి ఉండే సమయమే అనేక రెట్లు ఎక్కువ. జాతీయ పోటీల్లో ఒక విడతకు, మరొక విడతకు మధ్య రెండు వారాల నుంచి నెల రోజులకు పైగా విరామం ఉంటుంది. సీజను ముగిస్తే నెలల తరబడి విశ్రాంతే. ఈ విరామంలో బండి ఎక్కడ ఉంటుందన్నదే ఒక ప్రాంతంలో ఈ క్రీడ వేళ్లూనుకుంటుందా, లేక తిరునాళ్లలా వచ్చి పోతుందా అన్నది తేలుస్తుంది.

రోడ్డెక్కని బండి

రేసు కారును సొంత కారులా ఇంటికి నడుపుకుంటూ తీసుకెళ్లడం కుదరదు. మోటారు వాహనాల చట్టం 1988లోని 39వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ లేని వాహనాన్ని బహిరంగ రహదారిపై నడపరాదు. పోటీ కోసమే తయారైన కార్లకు నంబరు ప్లేటు ఉండదు. చాలా వాటికి హెడ్‌లైట్లే ఉండవు. అందుచేత లారీ మీదనో, ట్రెయిలర్ మీదనో ఎక్కించక తప్పదు. ఆ ట్రెయిలర్ కూడా చట్టం దృష్టిలో వాహనమే. దానికి వేరే రిజిస్ట్రేషన్ ఉండాలి. పల్లెల్లో ట్రాక్టరు వెనుక తగిలించే ట్రక్కుకు విడిగా నంబరు ఉండాలన్న సంగతి చాలామందికి కేసు రాసినప్పుడు గానీ తెలియదు. ఇక్కడా అదే నిబంధన.

హైదరాబాద్ నుంచి చెన్నైకి 600 కిలోమీటర్లకు పైగా దూరం. కోయంబత్తూరుకు 900 పైమాటే. విడత విడతకూ కారును లారీపై ఎక్కించి తెచ్చి, పోటీ కాగానే తిరిగి తీసుకుపోవాలంటే డీజిలు, టోలు, డ్రైవరు బత్తా, క్లీనరు భోజనం, దారిలో కుదుపులకు కలిగే నష్టం అన్నీ లెక్కలోకి వస్తాయి. ప్రయాణంలో పోయే పని దినాలు వీటికి అదనం. కనుక అనుభవం గల జట్లు కారును పోటీ జరిగే ఊళ్లోనే, వీలైతే ట్రాక్ ఆవరణలోనే వదిలి, మనుషులు మాత్రం రైలెక్కి ఇంటికి వెళతారు. అమెరికా, బ్రిటన్ దేశాల్లో వారాంతపు రేసర్లలో ఇది మామూలు ఆనవాయితీ. ట్రాక్ యాజమాన్యానికి నెలవారీ రుసుము కట్టి ట్రెయిలర్‌ను కంచె లోపల నిలిపి, చక్రాలకు అడ్డు పెట్టి, కొక్కేనికి తాళం వేసి వెళ్లిపోతారు.

ఇది మన జిల్లాలకు తెలియని సంగతేమీ కాదు. సంక్రాంతికి, శివరాత్రికి జరిగే ఎడ్ల బలప్రదర్శనలకు దూర జిల్లాల రైతులు తమ జతలను లారీల్లో తెస్తారు. నిర్వాహకులు బహుమతి మొత్తంతో పాటు ఎడ్లకు నీడ, నీరు, మేత ఏ ఊళ్లో బాగా చూస్తారన్నది రైతులు ముందే విచారించుకుంటారు. వసతి సరిగా లేని ఊరికి మరుసటి ఏడు మంచి జతలు రావు. ఎద్దు అయినా, ఇంజను అయినా పందేనికి ముందు విశ్రాంతి స్థలం అడుగుతుంది.

షోలవరం నేర్పిన పాఠం

చెన్నైకి ఈ స్థానం ఒక్కరోజులో దక్కలేదు. సూళ్లూరుపేట, తడ మీదుగా చెన్నైకి వెళ్లే జీఎన్‌టీ రోడ్డు పక్కనే షోలవరం ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అక్కడ ఒక విమాన రన్‌వే వేశారు. యుద్ధం ముగిసిన తరువాత ఖాళీగా మిగిలిన ఆ కాంక్రీటు బాటపైనే 1950వ దశకం నుంచి మోటారు పందేలు మొదలయ్యాయి. 1953లో ఏర్పడిన మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వాటిని ఏళ్ల తరబడి నిర్వహించింది. దేశం నలుమూలల నుంచి పోటీదారులు వచ్చేవారు. 1980వ దశకంలో విజయ్ మాల్యా ఎన్‌సైన్ ఫార్ములా-1 కారును నడిపింది కూడా ఇక్కడే.

పేరు ఎంత వచ్చినా షోలవరం క్లబ్బు సొంత స్థలం కాదు. ఏటా పోటీలకు ముందు ఏర్పాట్లన్నీ కొత్తగా చేసుకోవాలి, ముగిశాక తీసివేయాలి. సొంత గ్యారేజీ లేదు, సొంత గోడౌను లేదు. ఈ కష్టమే క్లబ్బును సొంత ట్రాక్ ఆలోచన వైపు నడిపింది. ఫలితంగా శ్రీపెరుంబుదూరు సమీపంలోని ఇరుంగట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల పొడవైన మద్రాస్ మోటార్ రేస్ ట్రాక్ 1990లో ప్రారంభమైంది. ఇప్పుడు దానిని మద్రాస్ ఇంటర్నేషనల్ సర్క్యూట్ అని పిలుస్తున్నారు. ట్రాక్ సొంతం అయ్యాక గ్యారేజీలు వచ్చాయి. గ్యారేజీలు వచ్చాక మెకానిక్కులు వచ్చారు. పోటీలు లేని రోజుల్లో వాహన కంపెనీలు పరీక్షల కోసం, శిక్షణ సంస్థలు తరగతుల కోసం ట్రాక్‌ను అద్దెకు తీసుకునే వెసులుబాటు కలిగింది. కొన్నేళ్ల తరువాత హ్యుందాయ్ కార్ల కర్మాగారం కూడా అదే ఇరుంగట్టుకోట్టైలో వెలసింది. ట్రాక్ ఉన్నందువల్లే కర్మాగారం వచ్చిందని చెప్పలేం గానీ, మోటారు పరిశ్రమ చుట్టూ ఉన్న చోట రేసు ట్రాక్‌కు పనివాడు, విడిభాగం, లేతు మిషను దొరకడం తేలికన్నది మాత్రం నిజం.

కోయంబత్తూరు కథ మరొక తీరు. అక్కడ రేసు కార్ల తయారీకి ఆద్యుడైన ఎస్. కరివర్ధన్ 1995లో చిన్న విమానం కూలి మరణించారు. ఆయన జ్ఞాపకార్థం 2003లో కరి మోటార్ స్పీడ్‌వే ప్రారంభమైంది. పొడవు 2 కిలోమీటర్ల పైచిలుకే. ఇరుంగట్టుకోట్టై ముందు చిన్నది. అయినా జాతీయ పోటీలు దాన్ని వదిలిపెట్టలేదు. ఎందుకంటే కార్లు తయారు చేసే చేతులు, మరమ్మతు చేసే షెడ్లు, నిలిపి ఉంచే చోటు ఆ ఊళ్లోనే ఉన్నాయి.

ఇక్కడ మరొక పరిణామం గమనార్హం. జాతీయ పోటీల్లో కొన్నింటికి కార్లు పోటీదారుల సొంతం కావు. నిర్వాహక సంస్థే ఒకే రకం కార్లను ఉంచుకుని, రుసుము కట్టిన డ్రైవర్లకు పోటీ రోజున అప్పగిస్తుంది. హెల్మెట్‌తో వచ్చి నడిపి వెళ్లడమే డ్రైవరు పని. కొత్త కుర్రవాళ్లకు ఇది సదుపాయమే. అయితే కార్లు ఉన్న ఊరే సాధనకూ కేంద్రమవుతుంది. చెన్నై కుర్రవాడు ఆదివారం ఉదయం ట్రాక్‌కు వెళ్లి సాయంత్రానికి ఇంటికి చేరతాడు. కర్నూలు, వరంగల్ కుర్రవాడికి అదే సాధన కోసం రెండు రాత్రుల ప్రయాణం, లాడ్జి ఖర్చు తప్పవు. ప్రతిభ సమానమే అనుకున్నా సాధన గంటలు సమానం కావు. తెలుగు రాష్ట్రాల నుంచి ఈ క్రీడలోకి అడుగుపెట్టే వారిలో ఎక్కువమంది సంపన్న కుటుంబాల వారే కావడానికి ఇదొక కారణమని చెప్పక తప్పదు.

హుస్సేన్‌సాగర్ ఒడ్డున మిగిలిందేమిటి?

ఇక హైదరాబాద్ సంగతి. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా-ఈ విద్యుత్ కార్ల పోటీ జరిగింది. భారత్‌లో ఆ పోటీ జరగడం అదే ప్రథమం. సచివాలయం, లుంబినీ పార్కు, ఎన్టీఆర్ మార్గ్, ఐమాక్స్ పరిసరాలను కలుపుతూ 2.8 కిలోమీటర్ల మేర ట్రాక్ వేశారు. ఫ్రాన్స్‌కు చెందిన జాన్ ఎరిక్ వెర్న్ గెలిచారు. నగరానికి ప్రపంచ టీవీ తెరలపై చోటు దక్కిన మాట వాస్తవం.

ఆ కార్ల ప్రయాణాన్ని ఒకసారి గమనించాలి. జనవరి 27, 28 తేదీల్లో అవి సౌదీ అరేబియాలోని దిరియాలో పోటీపడ్డాయి. ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో ఉన్నాయి. ఫిబ్రవరి 25 నాటికి దక్షిణాఫ్రికాలోని కేప్‌టౌన్‌లో పరుగు తీశాయి. అంటే నగరంలోకి పెట్టెల్లో వచ్చాయి, పెట్టెల్లోనే పోయాయి. వెనుక నిలిచింది కొత్తగా తారు పోసిన రోడ్డు, టన్నుల బరువున్న కాంక్రీటు దిమ్మెలు, ఇనుప కంచెలు. వీధి ట్రాక్‌లో నిల్వ ఉంచాల్సిన సామగ్రి కారు కాదు, ట్రాకే. పోటీ కాగానే ట్రాక్‌ను ముక్కలు ముక్కలుగా విప్పి ఎక్కడో పేర్చాలి. మళ్లీ పోటీ వచ్చేదాకా కాపలా పెట్టాలి. పోటీ రాకపోతే ఆ దిమ్మెలకు విలువ లేదు.

అంతకు ముందు 2022 నవంబరులో అదే చోట లీగ్ పోటీలు తలపెట్టినప్పుడు ప్రమాదాలు, జాప్యాల వల్ల అనుకున్న రేసులు జరగలేదు. డిసెంబరులో మళ్లీ జరిపారు. ప్రతిసారీ నగరం నడిబొడ్డున రోజుల తరబడి ట్రాఫిక్ ఆంక్షలు. శాశ్వత ట్రాక్ అయితే ఒక రోజు ఆలస్యమైనా ఊరికి ఇబ్బంది లేదు. నడి రోడ్డుపై ఒక రోజు ఆలస్యం లక్షల మంది ప్రయాణాన్ని ఆపుతుంది.

2024 ఫిబ్రవరిలో జరగవలసిన రెండో పోటీని ఆ ఏడాది జనవరి మొదటి వారంలో రద్దు చేస్తున్నట్లు ఫార్ములా-ఈ నిర్వాహకులు ప్రకటించారు. ఒప్పందాన్ని తెలంగాణ ప్రభుత్వం పాటించలేదన్నది వారి ఆరోపణ. పోటీ కోసం చెల్లించిన దాదాపు రూ.55 కోట్లపై 2024 డిసెంబరులో ఏసీబీ కేసు నమోదు చేసింది. ఆ చెల్లింపులో తప్పొప్పులు తేల్చవలసింది దర్యాప్తు సంస్థలు, న్యాయస్థానాలు. దానితో నిమిత్తం లేకుండా అడగదగిన ప్రశ్న ఒకటుంది. అంత శ్రమ తరువాత నగరంలో ఒక గ్యారేజీ అయినా మిగిలిందా? ఒక కుర్రవాడు సోమవారం వెళ్లి సాధన చేసుకునే చోటు ఏర్పడిందా? లేదన్నదే జవాబు.

చెన్నై కూడా వీధి రేసు జరిపింది కదా అనవచ్చు. నిజమే. 2023 డిసెంబరులో ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ 3.5 కిలోమీటర్ల ట్రాక్‌పై రాత్రి రేసు తలపెట్టారు. సరిగ్గా అప్పుడే మిచౌంగ్ తుపాను నగరాన్ని ముంచెత్తింది. రేసు వాయిదా పడింది. తిరిగి 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో జరిగింది. తొమ్మిది నెలల వాయిదాను ఆ నగరం తట్టుకుంది. హైదరాబాద్‌లో ఒక్క రద్దుతో కథ కంచికి చేరింది. రెండింటికీ తేడా ఏమిటంటే, చెన్నైలో వీధి రేసు ఉత్సవ విగ్రహం మాత్రమే, మూలవిరాట్టు ఇరుంగట్టుకోట్టైలో ఉంది. వీధి రేసుకు వారం ముందు లీగ్ తొలి విడత పోటీలు అక్కడే జరిగాయి. వీధి రేసు తరువాతి విడతకు మళ్లీ అక్కడికే వెళ్లారు. గంట, గంటన్నర లారీ ప్రయాణంతో సరిపోయింది.

ప్రపంచ స్థాయి ఫార్ములా-1కు ఈ ఇబ్బంది లేదా అంటే, ఉంది. ఏడాదికి 24 పోటీలు, ఐదు ఖండాలు. వారు దీన్ని డబ్బుతో పరిష్కరించుకున్నారు. కుర్చీలు, బల్లలు, గ్యారేజీ పలకలు, వంట సామగ్రి వంటి వాటిని ఒక్కో జట్టు ఐదారు జతలు తయారు చేయించుకుంటుంది. ఒక జత పోటీలో ఉండగా మిగతావి ఓడల్లో తరువాతి రేవులకు వెళుతుంటాయి. కార్లు, ఇంజన్లు మాత్రం విమానంలో వస్తాయి. ఐరోపాలో జరిగే పోటీలకు వందలాది లారీలు బారులు తీరుతాయి. అది లక్షల డాలర్ల వ్యవహారం. పెట్టుబడి అంతగా లేని జాతీయ స్థాయి క్రీడకు ట్రాక్ పక్కన ఒక రేకుల షెడ్డే ఆధారం.

నిల్వే ట్రాక్‌ను మింగితే..

ఈ నాణేనికి మరో వైపూ ఉంది. బండ్లు నిలిపే ఆదాయం రుచి మరిగితే పోటీలే పక్కకు పోయే ప్రమాదం లేకపోలేదు. బ్రిటన్‌లోని డోనింగ్టన్ పార్క్ ఇందుకు పాత ఉదాహరణ. 1930వ దశకంలో పేరున్న ట్రాక్ అది. 1939లో యుద్ధం రాగానే సైన్యం దాన్ని స్వాధీనం చేసుకుని సైనిక వాహనాల డిపోగా మార్చింది. యుద్ధం 1945లో ముగిసింది గానీ లారీలు వెంటనే కదలలేదు. టామ్ వీట్‌క్రాఫ్ట్ అనే వ్యాపారి 1971లో ఆ స్థలాన్ని కొని బాగు చేయించాక 1977లో గానీ అక్కడ మళ్లీ రేసు జరగలేదు. ఆరేళ్ల యుద్ధానికి ట్రాక్ చెల్లించిన మూల్యం 38 ఏళ్ల మౌనం. ఇటు ఖాళీ రన్‌వే షోలవరంలో రేసు ట్రాక్ అయింది. అటు రేసు ట్రాక్ లారీల దొడ్డి అయింది. రెండింటికీ యుద్ధమే కారణం కావడం విచిత్రం.

అమెరికాలోని కెంటకీ స్పీడ్‌వేది ఇటీవలి కథ. 2000లో ప్రారంభమైన ఆ ట్రాక్‌పై 2011 నుంచి నాస్కార్ అగ్రశ్రేణి పోటీలు జరిగాయి. 2020తో అవి ఆగిపోయాయి. మరుసటి ఏడాది ప్రపంచమంతా చిప్‌ల కొరత తలెత్తింది. అదే రాష్ట్రంలోని ఫోర్డ్ కర్మాగారంలో తయారైన ట్రక్కులు చిప్‌లు లేక అసంపూర్తిగా మిగిలాయి. వేల ట్రక్కులను తెచ్చి ఆ స్పీడ్‌వే ఆవరణలో నిలిపారు. ఒకప్పుడు ప్రేక్షకుల కార్లు నిలిచిన చోట అమ్మకానికి పనికిరాని కొత్త ట్రక్కులు వరుసలు తీరాయి. టెక్సస్‌లో 1969 నాటి టెక్సస్ వరల్డ్ స్పీడ్‌వే చివరి రోజులు ఇంకా దయనీయం. 2017 ఆగస్టులో హార్వే తుపాను వరదల్లో మునిగిన వేలాది కార్లను అక్కడికి తరలించారు. పోటీలు నిలిచిపోయిన ట్రాక్ బురద కార్ల మకాం అయింది.

ఈ రెండు చోట్లా బండ్లు వచ్చి ట్రాక్‌ను చంపలేదు. పోటీలు పోయాకే బండ్లు వచ్చాయి. పోటీల మధ్య నిల్వకు, పోటీలకు బదులు నిల్వకు ఉన్న తేడా అదే. మొదటిది ట్రాక్‌కు బతుకుతెరువు. రెండోది దింపుడు కళ్లం ఆశ.

మన దేశంలో దింపుడు కళ్లం దాకా వెళ్లిన ట్రాక్ గ్రేటర్ నోయిడాలోని బుద్ధ్ ఇంటర్నేషనల్ సర్క్యూట్. 5 కిలోమీటర్ల పైబడిన పొడవు, జర్మనీకి చెందిన హెర్మన్ టిల్కే రూపకల్పన, 2011 అక్టోబరులో తొలి ఫార్ములా-1 పోటీ. 2011, 2012, 2013 మూడేళ్లూ సెబాస్టియన్ వెటెలే గెలిచారు. ఆ తరువాత పన్నుల పేచీలతో ఫార్ములా-1 వెళ్లిపోయింది. ఆ మూడు రోజుల పోటీకే ట్రాక్ విదేశీ సంస్థకు భారత్‌లో స్థిర వ్యాపార స్థానం అవుతుందని, పన్ను కట్టక తప్పదని 2017 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు తేల్చింది. 2023 సెప్టెంబరులో మోటోజీపీ ఒక్కసారి వచ్చింది. 2024లో రాలేదు. బకాయిలు చెల్లించలేదంటూ యమునా ఎక్స్‌ప్రెస్‌వే అథారిటీ ట్రాక్ ఉన్న 1,000 హెక్టార్ల కేటాయింపును 2020లో రద్దు చేయగా, 2025 మార్చిలో అలహాబాద్ హైకోర్టు ఆ రద్దును సమర్థించింది. నిర్మాణ సంస్థ జేపీ గ్రూపు మాతృ కంపెనీ 2024లో దివాలా ప్రక్రియలోకి వెళ్లింది.

బుద్ధ్ ట్రాక్‌కు గ్యారేజీల కొరత లేదు. అన్నీ ప్రపంచ స్థాయివే. లోపించింది వాటిలో నిలిచే బండ్లు. జాతీయ రేసింగ్ కుటుంబాలు చెన్నై, కోయంబత్తూరుల్లో ఉండగా ఉత్తరాదిన కట్టిన మహా సౌధం అది. పెద్ద పందెం కోసం కట్టారు గాని చిన్న పందేలతో ఏడాది నడిపే ఏర్పాటు చాలినంత చేయలేదు. ఇరుంగట్టుకోట్టై అందుకు పూర్తి భిన్నం. ఫార్ములా-1 దాని గడప తొక్కలేదు. అయినా మూడున్నర దశాబ్దాలుగా తలుపు మూయలేదు.

ఊరికే నిలిపితే సరిపోదు

నిల్వ అంటే తాళం వేసి వెళ్లడం కాదు. రేసు టైరు మెత్తని రబ్బరు. ఎండ తగిలితే గట్టిపడి పట్టు కోల్పోతుంది. చల్లని, చీకటి గదిలో పెట్టాలి. బ్రేకు ద్రవం గాలిలో తేమను పీల్చుకుంటుంది. తీర ప్రాంతపు తేమలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. కారు బరువు నెలల తరబడి టైర్లపై ఉండకుండా స్టాండ్లపై ఎత్తి ఉంచాలి. ట్యాంకులో పెట్రోలు ఉంచి మూసిన షెడ్డులో పెడితే అగ్గితో చెలగాటమే. ఎలుకలు వైర్లు కొరికితే లక్షల రూపాయల ఎలక్ట్రానిక్ సామగ్రి మూలన పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల కాలం. నేల ఎత్తు చూడకుండా షెడ్డు వేస్తే నీళ్లు నిలుస్తాయి.

విద్యుత్ వాహనాలతో మరో చిక్కు వచ్చింది. లిథియం బ్యాటరీని పూర్తి చార్జింగ్‌తో గాని, పూర్తిగా ఖాళీ చేసి గాని ఎక్కువ కాలం ఉంచరాదు. విమానంలో విడిగా పంపే లిథియం అయాన్ బ్యాటరీల చార్జింగ్ 30 శాతానికి మించకూడదన్న అంతర్జాతీయ నిబంధన 2016 నుంచి అమలులో ఉంది. ఇది చాదస్తం కాదు. 2019 మార్చి 14న స్పెయిన్‌లోని హెరెజ్ ట్రాక్‌లో అర్ధరాత్రి దాటాక మంటలు లేచాయి. తొలిసారిగా జరగబోతున్న విద్యుత్ మోటారు సైకిళ్ల ప్రపంచ పోటీల కోసం సిద్ధం చేసిన 18 బైకులూ ఒకే గుడారంలో ఉన్నాయి. అన్నీ బూడిదయ్యాయి. అదృష్టవశాత్తూ ఎవరికీ గాయాలు కాలేదు. సీజను ఆరంభాన్ని జులైకి వాయిదా వేసి, బైకులన్నీ కొత్తగా తయారు చేయాల్సి వచ్చింది. పరుగులో ఒక బైకు పడితే ఒకటే పోతుంది. నిల్వలో నిప్పు పడితే పోటీ మొత్తం పోతుంది.

నష్టం జరిగితే బాధ్యత ఎవరిది? సాధారణ మోటారు బీమా పాలసీల్లో పోటీలు, వేగ పరీక్షలకు వాడిన వాహనానికి రక్షణ వర్తించదని స్పష్టంగా రాసి ఉంటుంది. రేసు కారుకు విడిగా నిల్వ, రవాణా బీమా తీసుకోవాలి. చాలామంది చిన్న పోటీదారులు దీన్ని అనవసర ఖర్చుగా భావిస్తారు. ట్రాక్ గేటు వద్ద 'యజమాని సొంత బాధ్యతపై' అన్న బోర్డు ఉంటే అంతటితో ట్రాక్ యాజమాన్యం చేతులు దులుపుకోవచ్చనీ అనుకుంటారు. అది అన్ని వేళలా నిజం కాదు. ఢిల్లీలో ఒక హోటలు సిబ్బందికి తాళాలు ఇచ్చి నిలిపిన మారుతీ జెన్ కారు 1998లో చోరీ అయింది. ఆ వ్యాజ్యంలో సుప్రీంకోర్టు 2019 నవంబరు 14న తీర్పు చెప్పింది. తాళాలు స్వీకరించి వాహనాన్ని తన అధీనంలోకి తీసుకున్న తరువాత, తగిన జాగ్రత్త తీసుకున్నట్లు నిరూపించుకోకుండా 'సొంత బాధ్యత' అన్న మాట చాటున హోటలు తప్పించుకోజాలదని పేర్కొంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టంలో అప్పగింత సొత్తు గురించిన 148, 151, 152 సెక్షన్లే దీనికి ఆధారం.

రేసు ట్రాక్‌కు దీన్ని అన్వయిస్తే ఒక తేడా గుర్తుంచుకోవాలి. ఖాళీ జాగా మాత్రమే అద్దెకు ఇచ్చి, తాళం పోటీదారుడి దగ్గరే ఉంటే అది స్థలం వాడుకునే అనుమతి మాత్రమే. కారును, తాళాన్ని యాజమాన్యం తీసుకుని రసీదు ఇస్తే అది అప్పగింత. మొదటి సందర్భంలో దొంగ పడితే పోటీదారుడి నష్టం. రెండో సందర్భంలో జవాబు చెప్పుకోవలసింది ట్రాక్ యాజమాన్యం. రుసుము ఎంత అన్నది చూసి సంతకం పెట్టే కుర్రవాళ్లు, ఆ కాగితంలో ఈ రెండింటిలో ఏది రాసి ఉందో చూడడం లేదు.

తెలుగు రాష్ట్రాల్లో రేసు ట్రాక్ ప్రతిపాదన ఎప్పుడు వచ్చినా ప్రకటనల్లో ముందు వినిపించేది ప్రేక్షకుల గ్యాలరీ, అంతర్జాతీయ పోటీ, పర్యాటకుల రాక. భూమి ఇచ్చే రైతుకు, పన్ను కట్టే పౌరుడికి కావలసిన వివరాలు వేరు. పోటీ లేని రోజుల్లో ట్రాక్ ఎవరికి అద్దెకు ఇస్తారు? ఎన్ని బండ్లకు షెడ్లు కడతారు? వాటి కాపలాకు, మరమ్మతుకు స్థానికులను ఎంతమందిని తీసుకుంటారు? పోటీలు ఆగిపోతే భూమి ఎవరికి చేరుతుంది? గ్రేటర్ నోయిడాలో ఈ చివరి ప్రశ్నకు జవాబు రావడానికి తొలి రేసు తరువాత 13 ఏళ్లకు పైగా పట్టింది, అదీ హైకోర్టులో.